మూడు బొట్ల పరాంగు

మలేషియాలోని బంటింగ్‌లో మా ఇంటి వంటగది రేకులు మార్చడానికి పనివాళ్లు వచ్చిన రోజున అటక మీది సామానంతా కిందికి దిగింది. సొట్టలు పడ్డ ఇత్తడి బిందె, మూతలు పోయిన ఊరగాయ జాడీలు, మా ఆయన ఎందుకో దాచుకున్న సైకిలు గంటలు, వాటన్నిటి కిందా పాత సారంగు లుంగీలో చుట్టి కొబ్బరి తాడుతో బిగించిన పొడుగాటి మూట ఒకటి. మా మనవరాలు షర్మిళ ఆ వేళకి ఇంట్లోనే ఉంది. మా అమ్మాయి కూతురు. సైబర్‌జయలో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. మూట విప్పింది తనే. లోపలి వస్తువును చూసి కళ్లు పెద్దవి చేసి, "అమ్మమ్మా, ఏటిది లా! మనింట్లో ఇంత పెద్ద పరాంగా! ఎవర్ని నరికినారు?" అంది. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్లందరి అలవాటు. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది తక్కువ. ఆశ్చర్యం వేస్తే మాత్రం తెలుగే వస్తుంది. అందుకే దాన్ని అప్పుడప్పుడూ ఆశ్చర్యపరచాలని నేను చూస్తుంటాను.

పరాంగు అంటే ఇక్కడి మలాయ్‌వాళ్ల నరుకుడు కత్తి. మోచేతి నుంచి వేలి కొసల దాకా ఉంటుంది, కొస వైపు బరువెక్కుతుంది. పొదలు కొట్టడానికీ, కొబ్బరి బొండాలు చెక్కడానికీ, వెదురు చీల్చడానికీ అదే. షర్మిళకి ఇలాంటివంటే సరదా. ఆఫీసు అయిపోయాక తన అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని పాత సుత్తులూ గొడ్డళ్లూ కొత్తవాటిలా చేస్తుంది. ఫోనులో చూసి నేర్చుకుందట. సాన పట్టే మిషను కూడా కొనుక్కుంది. పరాంగును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి, "తుప్పు ఎక్కువ లేదు. ఈ మూడు నల్ల మచ్చలే లోతుగా ఉన్నాయి. మిషను పెడితే పోతాయి. అద్దంలా చేసి ఇస్తాను" అంది. నేను ఏదో అనబోతుండగా పైనుంచి పనివాడు టీ అడిగాడు. "తీసుకెళ్లు గానీ మిషను పెట్టే ముందు నాకు ఫోను చెయ్యి, ఆ మచ్చల సంగతి చెప్పాలి" అన్నాను. "ఓకే లా" అని కారు డిక్కీలో పెట్టుకుని వెళ్లిపోయింది. దానికి ఫోనులో చెప్పినదీ, చెప్పకుండా మిగిలిపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ దేశం మలయాగా ఉన్నప్పటి ఎమర్జెన్సీ అంటే అడవుల్లోకి వెళ్లిన కమ్యూనిస్టులకీ ఇంగ్లీషు ప్రభుత్వానికీ మధ్య ఏళ్లతరబడి సాగిన పోరు. దాన్ని యుద్ధం అనకూడదు కాబట్టి ఎమర్జెన్సీ అన్నారని తరువాత నేను చదువుకున్నాను. అప్పుడు మాకు తెలిసిందల్లా కంచె. బంటింగ్ దాటాక రబ్బరూ కొబ్బరీ కలిసిన ఒక తోటలో మా నాన్న రెండో కిరాణి, అంటే ఆఫీసు గుమాస్తా. కూలీల లైను ఇళ్లకీ మా ఉద్యోగుల ఇళ్లకీ కలిపి చుట్టూ ముళ్లకంచె వేశారు. చీకటి పడితే గేటు మూస్తారు. పొద్దున పనికి వెళ్లేవాళ్ల అన్నం క్యారియర్లు తెరిచి చూస్తారు, అడవిలోవాళ్లకి బియ్యం చేరకూడదని. దుకాణంలో పాలడబ్బా కొంటే దుకాణదారు అక్కడికక్కడే చిల్లు పెట్టి ఇచ్చేవాడు, దాచడానికి వీల్లేకుండా. మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఆ డబ్బాను చీమల బారిన పడకుండా నీళ్ల పళ్లెంలో నిలబెడుతూ, "పాలడబ్బాకి సిల్లెట్టి ఇత్తన్నాడు. రేపు కోడిగుడ్డుకీ సిల్లెట్టి ఇత్తాడేటో!" అనేది. భయం ఉండేది, లేదనను. కానీ ఇంట్లో రోజూ వినబడేది మామ్మ వెక్కిరింతలూ, అమ్మ రోకటి పోటూ, నాన్న రేడియో గరగరా. వాసన మాత్రం ఒక్కటే: పుల్లబడిన రబ్బరు పాల వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు సెలవు రోజున అది లేకపోతే ఏదో పోయినట్టుండేది.

ఆ కంచెతోనే నా బడి ఆగిపోయింది. బంటింగ్ రోడ్డు మీద కాల్పులు జరిగాయని లారీలో పిల్లల్ని పంపడం మానేశారు. మళ్లీ పంపడం మొదలెట్టేసరికి నేను పెద్దదాన్నయ్యానని అమ్మ వద్దంది. నాకు మిగిలింది ఉద్యోగుల క్లబ్బులో అద్దాల బీరువా ఒకటి. ఎప్పుడో వెళ్లిపోయిన దొరలు వదిలేసిన పుస్తకాలు అందులో ఉండేవి. వాటిలో లావుపాటి ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఉంది. కానీ చెదలు తినగా మిగిలినవి మొదటి రెండు సంపుటాలే. ఒకటి ఏ అక్షరం, ఒకటి బీ అక్షరం. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఆఫ్రికా, ఆర్కిటిక్, బీవర్, బ్రిడ్జి — వీటి గురించి తోటలో నాకన్నా తెలిసినవాళ్లు లేరు. గొడ్డలి ఇంగ్లీషులో ఏ, కమ్మరి ఇంగ్లీషులో బీ, కాబట్టి వాటి గురించీ తెలుసు. సీ అక్షరం నుంచి మాత్రం లోకమంతా చీకటి. చంద్రుడు ఎలా పుట్టాడో, రబ్బరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. రబ్బరు తోటలో పుట్టి కూడా!

మా వైపు ఆంక్షలు సడలించిన ఏడాది, క్లాంగ్ పట్నంలో ఎవరైనా వెళ్లి చదువుకునే పుస్తకాల గది తెరిచారని డ్రైవర్ వేలన్న చెప్పాడు. పక్కింట్లో ఉండే తమిళాయన. తోట లారీ నడుపుతూ క్లాంగ్ వెళ్లొస్తుండేవాడు. నా పిచ్చి తెలుసు గనక అడగకుండానే చూసొచ్చాడు. "అందులో అదే పొత్తగం ఇరుక్కు తంగచ్చీ. అలమరా నిండా! జెడ్ వరైక్కుం!" అని రెండు చేతులూ చాపి చూపించాడు. అదే పుస్తకం ఉంది చెల్లీ, జెడ్ దాకా అని. ఆ రోజు నేను అన్నం తిన్నానో లేదో జ్ఞాపకం లేదు.

అదే రోజుల్లో మా తాత పరాంగు ఇంటికొచ్చింది. తాత విశాఖ వైపు నుంచి అడవి కొట్టడానికి వచ్చిన తొలి జట్లలో ఒకడు. ఈ తోట తోట కాకముందు ఈ నేల మీద చెట్లు కొట్టింది ఆ కత్తితోనే అని మామ్మ చెప్పేది. నేను పుట్టేసరికి ఆయన లేడు, కత్తి ఉంది. దసరాకి మామ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఎమర్జెన్సీ వచ్చాక పొడుగు కత్తులన్నీ సాయంత్రానికి పనిముట్ల కొట్టులో అప్పజెప్పాలని దొర ఆజ్ఞ వేశాడు. కొన్నాళ్లు మామ్మ పొద్దున తెచ్చుకుని సాయంత్రం ఇచ్చి వచ్చేది. తరువాత మోకాళ్లు నొప్పులని కొట్టులోనే వదిలేసింది. దసరాలు వచ్చాయి, వెళ్లాయి. పరాంగు లేని దసరాకి మామ్మ కూరగాయల కత్తిపీటకే బొట్టు పెట్టి, అటు చూడకుండా దణ్ణం పెట్టుకునేది. ఆంక్షలు సడలాక ఎవరి కత్తి వాళ్లకిచ్చారు. మాది చేతికొచ్చేసరికి పిడి చెదలు తినేశాయి, కొస తుప్పు తినేసింది, మధ్యలో మిగిలింది ఎర్రగా పొరలు లేస్తోంది. మామ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని లేచిన పొరల్ని గోటితో ఒలిచింది. చివరికి, "మీ తాత సూసుంటే కత్తిని తిట్టడు, నన్ను తిట్టును" అంది.

నాన్నకి ఆ కత్తి మీద మోజు లేదు. కూలీ కొడుకు కిరాణి అయ్యాడు; తెల్ల చొక్కా, సిరా పెన్ను. "కిరాణి ఇంట్లో పరాంగేటమ్మా? పాత ఇనుం వాడికిచ్చేద్దాం" అన్నాడు. మామ్మ కత్తి మీదికి తల వంచుకుంది. ఇదే సమయమని నేను క్లాంగ్ సంగతి ఎత్తాను. ఎంత తెలివితక్కువ సమయమో!

"క్లాంగా? బస్సులోనా? ఏటుందే అక్కడ?" అన్నాడు నాన్న.

"సీ నుంచి జెడ్ వరకూ ఉంది నాన్నా. శనివారం శనివారం వెళ్లి చదువుకుని సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను."

"ఏ, బీ సదివి ఏం నేర్సినావని సీ?"

"గొడ్డలి అంచు ఎలా ఉండాలో తెలుసు. ఉక్కు ఎప్పుడు మెత్తబడుతుందో తెలుసు."

నాన్న నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "సరే అయితే. ఆ తుప్పు ముక్కని బాగుచెయ్యి, సూద్దాం. మెర్డెకా రోజు పొద్దున అందరికీ బొండాలు కొట్టివ్వడం మన ఇంటి వంతు. ఆ కత్తి మీద ఆవగింజంత తుప్పు కనబడకూడదు. పిడి కదలకూడదు. బొండం తల ఒక్క వేటుకి ఎగరాలి. కొట్టేది నువ్వే. మూడూ అయితే శనివారాలు నీవి. ఒక్కటి తప్పినా క్లాంగు మాట నా ముందు ఎత్తకూడదు." మెర్డెకా అంటే మలాయ్‌లో స్వాతంత్ర్యం; దేశానికి అది వచ్చే రోజు దగ్గర్లోనే ఉంది. నాన్న దేనికైనా షరతులు పెట్టేవాడు, ఆఫీసు అలవాటు. మామ్మ ఒక్కసారి తల పైకెత్తి, "నాను సాచ్చి" అంది. అమ్మ వంటింట్లోంచి, "ఆడపిల్ల సేతిలో పరాంగు సూస్తే పెళ్లికొడుకు గోడ దూకి పారిపోతాడు" అంది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తుప్పు దగ్గరే మొదటి తగువు వచ్చింది. కిరసనాయిల్లో నానబెట్టి బూడిదతో రుద్దాలని నేను. ఇత్తడి చెంబులు ఏం తోమితే మెరుస్తాయో అదే చింతపండుతో తోమాలని మామ్మ. "నీ పుస్తకం సదివినోడు ఎప్పుడైనా గిన్నెలు తోమినాడేటే?" అని అడిగింది. ఆమె వంతు, నా వంతు పెట్టుకున్నాం. కిరసనాయిలు పొరల్ని వదిలించింది, చింతపండు మూలల్లో ఎరుపును తీసింది. కడిగి ఆరబెట్టి వెంటనే కొబ్బరినూనె రాయకపోతే మళ్లీ ఎర్రబడుతోందని ఇద్దరం కలిసే కనిపెట్టాం. మా ఇంటి వెనక అరుగు మీద కిరసనాయిలూ, చింతపండూ, కొబ్బరి పీచూ, బూడిదా కలిసిన వాసన ఒకటి ఉండేది. ఇప్పుడు ఏ సెంటు సీసాలోనూ దొరకదు. దొరికినా ఎవరూ కొనరు.

తుప్పు తిన్న కొసని వేలన్న తెచ్చిచ్చిన రంపంతో కోసేసి, ఆకురాయితో గుండ్రంగా చేశాను. దాంతో కత్తి కొంచెం పొట్టిదైంది, నా చేతికి తగినట్టు వచ్చింది. అంచు విషయంలో 'ఏ' అక్షరం సంపుటానికి నేను రుణపడి ఉన్నాను. పచ్చి కర్ర కొట్టే అంచు బ్లేడులా పలచగా ఉండకూడదనీ, గింజ కడుపులా కాస్త ఉబ్బి, ఆపైన సన్నబడాలనీ, లేకపోతే ఇరుక్కుంటుందనీ గొడ్డలి గురించిన పేజీలో బొమ్మ వేసి మరీ రాశారు. నేను అరుగు మీద కూర్చుని సానరాయి మీద నూరుతుంటే వేలన్న గోడ మీంచి తల పెట్టి, "ఎన్న తంగచ్చీ, చండైక్కు పోరియా? ఇంగే ఎమర్జెన్సీ ముడింజిడుచ్చి!" అనేవాడు. యుద్ధానికి పోతున్నావా, మన వైపు ఎమర్జెన్సీ అయిపోయింది కదా అని. "నీ మీదికే వస్తున్నాను, ఆగు" అనేదాన్ని.

పిడికి పనస కర్ర చెక్కాను. నా గుప్పెట కొలతకి సన్నంగా, చివర చిటికెన వేలు ఆగేలా చిన్న వంపుతో. కత్తి తోక ఆ పిడిలోకి దిగాక కదలకుండా ఏదో ఒకటి పట్టి ఉంచాలి. 'ఏ' అక్షరం సంపుటంలో అంటుపదార్థాల గురించి ఉంది. రబ్బరు పాలు కూడా జిగురే అని ఒక వాక్యం. రబ్బరు తోటలో ఉంటూ జిగురు కోసం వెతకడమేమిటి! ఒక డబ్బా పాలు తెచ్చి, పాలను రబ్బరు రేకులుగా గడ్డకట్టించే ఆసిడ్ రెండు చుక్కలు కలిపి, పిడికి తొలిచిన బొర్రలో నింపి తోక దింపాను. మర్నాటికి గట్టిపడింది. పట్టుకుని లాగితే రాలేదు. ఇంటివాళ్లందర్నీ పిలిచి అరటి బోదె మీద ఒక్క వేటు వేశాను.

కత్తి బోదెను తాకింది. తరువాత లోపలి రబ్బరు సాగింది, వెనక్కి లాగింది, పిడి నా చేతిలో ఉండిపోయింది, కత్తి గాలిలో ఒక గిరికీ కొట్టి వెళ్లి కోళ్ల గూటి చెక్కలో దిగబడి ఊగుతూ నిలబడింది. కోళ్లన్నీ ఒక్కసారి గూటి తలుపు తోసుకుని కంచె దాకా పరిగెత్తాయి. కంచె దగ్గర కాపలా ఉన్న పోలీసు ఏం జరిగిందోనని తుపాకి చేతిలోకి తీసుకున్నాడు. వేలన్న నవ్వలేక గోడ మీద వాలిపోయాడు. నాన్న అరుగు మీద పేపరు దించి, "రబ్బరు ఆర్ అక్షరం కాదేటే? అది క్లాంగులో ఉండిపోయింది పాపం" అని మళ్లీ పేపరు ఎత్తాడు. పేపరు వణుకుతోంది. దాని వెనక నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది.

కోళ్లని పట్టుకొచ్చి గూట్లో పెట్టేసరికి సాయంత్రమైంది. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కోళ్ల కోసం కాదు. మెర్డెకా దగ్గర పడింది. బంటింగ్ దుకాణాలన్నీ జెండాల బట్టా రంగు కాగితాలూ అమ్మడంలో ఉన్నాయి, జిగురు అడిగితే కాగితాలంటించే మైదా జిగురు చూపిస్తున్నారు. మామ్మ పక్కన వచ్చి కూర్చుంది.

"నీ పుస్తకంలో లక్క నేదేటే?"

"లక్క ఇంగ్లీషులో ఎల్ అక్షరం మామ్మా. క్లాంగ్‌లో ఉంటుంది."

"క్లాంగెందుకు? నా పెట్టిలో ఉంది" అని లేచి వెళ్లింది.

మామ్మ రేకు పెట్టె అడుగున పసుపు గుడ్డలో చుట్టి లక్క గాజులు రెండు జతలు ఉన్నాయి. ఎరుపు మీద పసుపు చారలు. పెళ్లైన కొత్తలో తాత వాళ్ల ఊరి సంతలో కొన్నాడట. ఓడలో వచ్చేటప్పుడు పగిలిపోతాయని వేసుకోకుండా మూట కట్టుకుంది; ఇక్కడికొచ్చాక పనిలో పడి మరిచిపోయింది; తీరా జ్ఞాపకం వచ్చేసరికి తాత లేడు, ఆమె చేతులకి గాజులు వేసుకునే హక్కు లేదు. మా వాళ్లలో అప్పటి పద్ధతి అది. "వద్దు మామ్మా" అన్నాను. "ఏటి వద్దు? ఏసుకోడానికి నేదు, పారీడానికి మనసు రాదు. మా ఊర్ల లక్క బొమ్మలు సేసినోళ్లని సిన్నప్పుడు సూసినాను. ఏడికి కరిగితే తేనె, ఆరితే రాయి. మీ తాత కొన్నవి మీ తాత కత్తికే ఎల్తాయి. తే, సట్టి తే" అంది.

గాజుల్ని ముక్కలు చేసింది మామ్మే, రోట్లో నలిపింది మామ్మే. ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు. పొడిని పిడి బొర్రలో పోశాం. కత్తి తోకని ఎర్రగా కాల్చి దింపాలి, ఆ వేడికి లక్క కరిగి సందుల్లోకి పాకుతుంది. తోక కాలుతున్నంతసేపూ మిగతా కత్తికి తడిగుడ్డ చుట్టి, దాని మీద నీళ్లు పోస్తూనే ఉండాలని నేను పట్టుబట్టాను. వేడి అంచు దాకా పాకితే ఉక్కు మెత్తబడుతుందని బీ సంపుటంలో కమ్మరి పేజీ చెప్పింది. మామ్మ, "ఇది మట్టుకు నాకు తెలీదు" అని నీళ్ల చెంబు తనే పట్టుకుంది. తోక దిగినప్పుడు బుస్సుమని పొగ వచ్చింది, సాంబ్రాణికీ కాలిన బెల్లానికీ మధ్య ఉండే వాసన. పిడి మూతి చుట్టూ ఎర్రగా, అక్కడక్కడ పసుపు చారతో లక్క పొంగి ఆగిపోయింది. ఆరాక చూస్తే కత్తి గాజు తొడుక్కున్నట్టే ఉంది. మామ్మ దాన్ని వేలితో తడిమి, "బాగుంది" అని ఒక్క మాట అంది. మళ్లీ బోదె మీద కొట్టి చూశాను. కత్తి దిగిన చోట ఆగింది. పిడి ఉన్న చోట ఉంది. కోళ్లు కూడా పరిగెత్తలేదు.

మెర్డెకా ముందు రోజంతా మెరుగు పెట్టాను. బూడిద, తరువాత మెత్తటి సుద్ద, తరువాత కొబ్బరినూనె గుడ్డ. దీపాలు పెట్టే వేళకి నా ముక్కు అందులో కనబడింది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి, ఓరగా చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లాడు. అది మంచి గుర్తు. కత్తిని గోడ మేకుకి తగిలించి, తోరణాలు కట్టేవాళ్లకి సాయం చేయడానికి వెళ్లాను.

పొద్దున లేచి చూస్తే కత్తికి పసుపు రాసి ఉంది. దాని మీద వరసగా మూడు బొట్లు. నేను తోరణాల దగ్గరుండగా మామ్మ పెట్టింది. "రేపు పన్లోకి ఎల్తంది. బొట్టెట్టకుండా పంపుతానేటి?" అని అమ్మతో అందట. తడిగుడ్డతో తుడిచాను. పసుపు పోయింది. బొట్లు పోయాయి. బొట్ల కింద మూడు నల్లటి గుండ్రని మచ్చలు. బూడిదతో రుద్దాను, సుద్దతో రుద్దాను. మచ్చలు పోలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పగలను: అమ్మ కుంకుమ ఇంట్లోనే పసుపులో నిమ్మరసం కలిపి చేసేది, ఆ పులుపు, ఆ తడి తెల్లవార్లూ ఉక్కు మీద ఉంటే తినేస్తుంది. అప్పటికి నాకు కెమిస్ట్రీ రాలేదు. అది సీ కదా.

బయట జనం మైదానానికి వెళ్తున్నారు. జెండాలు, పిల్లల బూరలు, రేడియోలో బాండు. నాన్న ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని అరుగు మీదికి వచ్చి చెయ్యి చాపాడు. కత్తి ఇచ్చాను. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని, వెలుతురుకి పట్టి చూశాడు. పిడిని లాగాడు, తిప్పాడు, మణికట్టుతో ఊపాడు, కదల్లేదు. తరువాత బొటనవేలు మొదటి మచ్చ మీద ఆగింది.

"ఇదేటి? తుప్పు."

"నాన్నా, అది..."

"ఆవగింజంత అన్నాను. ఇది మినపగింజంత. అదీ మూడు."

 సీ, డీ, ఈ, ఎఫ్, అన్నీ క్లాంగ్ బస్సెక్కి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. గుమ్మంలోంచి మామ్మ వచ్చింది. కొత్త నేత చీర కట్టుకుంది.

"పిల్లగుంట మీద అరవకు. ఆటిని ఎట్టింది నాను. బొట్లు."

"నాన్న ఉన్నప్పుడూ దసరాకి బొట్టెట్టేదానివమ్మా. ఎప్పుడైనా మచ్చపడిందా?"

"మీ నాన్న తుడిసీసి పన్లోకి ఎల్లిపోయేవోడు. నాను తెల్లార్లూ ఒగ్గీసినాను."

"ఏం, నిన్ననే ఎందుకు ఒగ్గీసినావు?"

మామ్మ కత్తి వైపు చెయ్యి చూపింది. "అది కొట్టులో ఉన్నన్ని దసరాలూ బొట్టు నేకుండా పోయినాయి కదరా. అన్నిటికీ కలిపి నిన్న ఎట్టినాను. అంచేత తుడవలేదు" అంది.

నాన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ మూడు మచ్చల మీదా బొటనవేలు ఒకదాని తరువాత ఒకటి నడిపించాడు. ఆయన చిన్నప్పుడు తన తండ్రి భుజాన ఈ కత్తిని చూసి ఉంటాడని నాకు అంతవరకూ తోచనే లేదు. ఆఫీసులో మాట్లాడినట్టు, "తుప్పు ఏమీ కనబడలేదు. బొండం మిగిలింది. పద" అన్నాడు.

మైదానంలో బొండాలు గుట్టగా పోసి ఉన్నాయి. వేలన్న ఒకటి తెచ్చి మొద్దు మీద నిలబెట్టి, "తంగచ్చీ, కోళి ఎల్లాం కట్టి వెచ్చాచ్చు, బయపడాదే!" అని అరిచాడు. కోళ్లన్నిటినీ కట్టేశాం, భయపడకు అని. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాన్న పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, షరతు దగ్గర్నుంచి చూడాలి కదా. కత్తి ఎత్తాను. కొస బరువు దానికదే కిందికి లాక్కుపోయింది. టప్ మని బొండం తల ఎగిరి గడ్డిలో పడింది. నీళ్లు పిచికారీలా లేచి నాన్న తెల్ల చొక్కా మీద మెడ నుంచి నడుం దాకా పడ్డాయి.  తరువాత నాన్నే, ఎప్పుడూ గొంతెత్తని మా నాన్న, రెండు చేతులూ పైకెత్తి "మెర్డెకా!" అని అరిచాడు. మైదానమంతా అందుకుంది. దేశం స్వతంత్రమైనందుకు వాళ్లు అరుస్తున్నారు. నేను శనివారాల కోసం అరిచాను.

మొదటి శనివారం నాన్న తనే తోడు వచ్చాడు. పుస్తకాల గదిలో గాలి పంకా కింద కూర్చుని, నాకు కాపలా అన్న నెపంతో సీ సంపుటం తీశాడు. సాయంత్రం బస్సు వేళకి నేనే ఆయన్ని కుర్చీలోంచి లేపాల్సి వచ్చింది; ఇంకా పేజీ ఉందన్నాడు. నేను మాత్రం వరస తప్పి ముందు ఎల్ తీశాను. లక్క అనేది చెట్ల కొమ్మల మీద బతికే ఒక చిన్న పురుగు ఒంట్లోంచి కారే పదార్థమని అందులో ఉంది. ఇంటికొచ్చి మామ్మకి గొప్పగా చెప్పాను. "అయితే ఏటి? పట్టుసీర సెట్టుకి కాసిందేటి?" అంది. అదీ నిజమే. తరువాతి శనివారం ఎస్ తీసి పట్టుపురుగు చూశాను.

ఆ శనివారాల వల్లే నేను తరువాత టైపు నేర్చుకున్నాను, పుస్తకాలు రాసేవాళ్ల ఉత్తరాలు టైపు చేశాను, చివరికి నావి నేను రాసుకున్నాను. బడి ఆరో తరగతితో ఆగిపోయిన మనిషికి ఇంత చదువు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, మూడు బొట్లూ ఒక బొండమూ అని చెబుతుంటాను. వాళ్లు నవ్వేసి వెళ్లిపోతారు.

షర్మిళ ఫోను చేసింది. "మొదలెట్టేస్తున్నాను, ఆ మచ్చల సంగతి ఏటో చెప్పు" అంది. ఇందులో సగం చెప్పాను. అది మధ్యమధ్య "అయ్యో లా", "కోళ్లా!" అంటూ విని, "సరే, వచ్చి చూడు" అని పెట్టేసింది. వారం తిరిగాక మా అబ్బాయి నన్ను సైబర్‌జయ తీసుకెళ్లాడు. వాళ్ల అపార్ట్‌మెంట్ చుట్టూ ఎత్తయిన కంచె, గేటు దగ్గర అడ్డుకర్ర, కాపలావాడు నా గుర్తింపు కార్డు తీసుకుని పేరు రాసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు మమ్మల్ని కంచెలో పెడితే ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూశాం. ఇప్పుడు మా పిల్లలు కంచె ఉంటేనే ఇల్లు కొంటున్నారు. మంచిదో చెడ్డదో అనను. లిఫ్టు మాత్రం హాయిగా ఉంది. మామ్మ మోకాళ్లకి ఇలాంటిది ఒకటి ఉంటే కొట్టు దాకా రోజూ వెళ్లి వచ్చేదే.

బాల్కనీలో బల్ల మీద పరాంగు ఉంది. ఇంత మెరుగు నేను ఆ రోజు కూడా తేలేదు, మిషను మిషనే. పిడిని మార్చలేదు, నూనె పట్టించింది. మూతి దగ్గర గాజుల ఎరుపు తేటపడి పైకి కనబడుతోంది, అక్కడక్కడ పసుపు చారతో. కత్తి మధ్యలో మూడు చోట్ల గుండ్రంగా కత్తిరించిన నీలం టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. షర్మిళ గోటితో ఒక్కొక్కటీ ఒలిచింది. టేపు కింద మూడు నల్ల మచ్చలు, మిషను తాకకుండా, మామ్మ వేలి కొస ఎంత ఉంటుందో అంతే.

"దాన్ని పన్లో పెడతాను అమ్మమ్మా. కింద తోటలో కొబ్బరి చెట్టుంది, కాపలా అంకుల్ని అడిగినాను, బొండాలు కొట్టుకోమన్నాడు" అంది. ఆ తరువాత వంటింటి అలమరలోంచి కుంకుమ భరిణె తెచ్చి, మూత తీసి పట్టుకుని నిలబడింది. "నేను పెట్టనా? ఆ మూడింటి పక్కన?"

"పెట్టు" అన్నాను.

నీళ్ల చుక్కతో తడిపి, ఉంగరపు వేలితో, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని జాగ్రత్తగా ఒక బొట్టు పెట్టింది. అలవాటుగా పక్కనున్న గుడ్డ అందుకుని అంచులు సరిచేయబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనీ. తెల్లారే దాకా తుడవకు."